ముందు బ్రేకు, తర్వాతే వేగం: రాజ్‌దూత్ 350కి ఇంటి చిట్కాలు

యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో రాజ్‌దూత్ 350 పేరుతో తయారుచేసింది. రెండు సిలిండర్లు, 347 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ మోడల్ 30.5 హార్స్‌పవర్ ఇచ్చేది. పెట్రోలు మరీ తాగుతోందని తర్వాత పవర్ తగ్గించి లో టార్క్ మోడల్ తెచ్చారు. దానికి కూడా 27 దాకా ఉండేది. అప్పటి బుల్లెట్ 350కి ఉన్నది 18 హార్స్‌పవర్. ఈ బండి పక్కన మిగతావన్నీ ఎందుకు తేలిపోయేవో ఆ అంకెలే చెబుతాయి.

ఈ బండి తయారీ ఆగిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అయినా మన ఊళ్లలో ఇంకా కొన్ని నడుస్తున్నాయి, షెడ్లలో మూలన పడ్డవి మళ్లీ లేస్తున్నాయి. కొన్నవాళ్లలో చాలామంది ముందు సైలెన్సర్లు మారుస్తారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. ముందు బండి ఆగాలి, తర్వాత ఫ్యాక్టరీ ఇచ్చిన పవరంతా తిరిగి రావాలి. అదనపు పవర్ సంగతి ఆ తర్వాత. కింది చిట్కాలు కూడా అదే వరసలో ఉన్నాయి.

1. ముందు చక్రం బ్రేకుతో మొదలుపెట్టండి. విదేశాల్లో అమ్మిన ఆర్‌డీ 350కి ముందు డిస్క్ బ్రేకు ఉండేది. మన దగ్గర డ్రమ్ము పెట్టారు. ఇంజనేమో దాదాపు అదే. ఈ బండికి చెడ్డపేరు వచ్చింది ప్రధానంగా ఇక్కడే. అయితే ఆ డ్రమ్ము మరీ అంత చేతకానిది కాదు. అందులో రెండు బ్రేకు షూలకూ విడివిడిగా క్యామ్‌లు ఉంటాయి. బయట రెండు లివర్లను ఒక సన్నని రాడ్డు కలుపుతుంది. ఆ రాడ్డు పొడవు తేడాగా ఉంటే ఒక షూ మాత్రమే పట్టుకుంటుంది, రెండోది పట్టకుండా ఊరికే ఉండిపోతుంది. చాలా బళ్లలో జరుగుతున్నది ఇదే.

సరిచేయడానికి రాడ్డును ఒక చివర ఊడదీయండి. ముందు చక్రం గాల్లో ఉండేటట్టు ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టండి. ఒక్కో లివర్నీ చేత్తో తిప్పి, షూ డ్రమ్ముకు తగిలే చోట ఆపండి. రెండూ అలా తగిలి ఉన్నప్పుడు రాడ్డు పిన్ను ఏ లివర్నీ కదపకుండా తనంతట తాను రంధ్రంలోకి దూరాలి. దూరకపోతే లాక్ నట్టు వదులుచేసి రాడ్డు పొడవు మార్చండి. తర్వాత యాక్సిల్ నట్టు కాస్త వదులుచేసి, ఇంట్లో ఎవరినైనా పిలిచి బ్రేకు గట్టిగా పట్టుకోమనండి. వాళ్లు పట్టుకుని ఉండగానే నట్టు బిగించండి. షూలు డ్రమ్ము మధ్యలో సరిగ్గా కూర్చుంటాయి. ఈ పని పూర్తిచేసి ఒకసారి వీధిలో నడిపి చూడండి, బ్రేకు ఎంత మారిందో మీకే తెలుస్తుంది.

2. షూలు అద్దంలా మెరుస్తుంటే వాటి మీద గరుకు కాగితం మెల్లగా రుద్దండి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

3. టైరులో గీతలు బాగానే ఉన్నాయని నమ్మకండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1215 అని ఉంటే 2015లో పన్నెండో వారం. మూలన పడి ఉన్న బండి టైరు అరగదు, కానీ రబ్బరు బిరుసెక్కిపోతుంది. వానలో అది పట్టు ఇవ్వదు. ఈ బండికి ముందూ వెనకా 18 అంగుళాల చక్రాలే కాబట్టి కొత్త టైర్లు దొరకడం కష్టం కాదు.

4. ఇంజను మీద చెయ్యి వేసేముందు ప్లగ్గులు చూడండి. ఆర్‌డీకి ఎక్కువగా వాడేది ఎన్‌జీకే బీ8హెచ్‌ఎస్. బండిని నాలుగైదు కిలోమీటర్లు ఒకే వేగంలో నడిపి, క్లచ్ పట్టి, కీ ఆపేసి పక్కకు తీసుకోండి. స్లోలో వదిలేశాక తీసిన ప్లగ్గు నిజం చెప్పదు. లోపలి పింగాణీ పాలు కలిపిన టీ రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లగా తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోంది, ఇంజను వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. రంగుకంటే ముఖ్యమైనది ఒకటుంది: రెండు ప్లగ్గులూ ఒకే రంగులో ఉన్నాయా? లేకపోతే ఏ సిలిండర్ వైపు వెతకాలో అప్పుడే తెలిసిపోయింది.

5. ఇంజను గాలి పట్టి ఉంటోందా అని బీపీ మిషన్‌తో చూడొచ్చు. టూ స్ట్రోక్ ఇంజనుకు ఇంతకంటే మంచి పరీక్ష లేదని నా నమ్మకం. ఖర్చు దాదాపు సున్నా. పెట్రోలు, గాలి ముందు క్రాంక్ కేసులోకి వచ్చి అక్కణ్నుంచి పైకి వెళ్తాయి కాబట్టి, ఆ గది ఎక్కడ కారినా ఇంజను దెబ్బతింటుంది. ఆర్‌డీలో రెండు సిలిండర్లకూ క్రాంక్ గదులు వేరు. అందుకే పరీక్ష కూడా విడివిడిగానే చేయాలి.

కార్బొరేటర్లు, సైలెన్సర్లు తీసేయండి. ప్లగ్గు బిగించే ఉంచండి. సైలెన్సర్ వచ్చే రంధ్రాన్ని పాత లారీ ట్యూబు ముక్కతో మూసి క్లాంపుతో బిగించండి. కార్బొరేటర్ వచ్చే చోట రబ్బరు బిరడా పెట్టి, అందులోంచి సన్నని పైపు బయటికి తీయండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించండి. ఆ పైపుకు డిజిటల్ కాని పాత రకం బీపీ మిషన్ రబ్బరు బంతినీ ముల్లు గడియారాన్నీ తగిలించి, ముల్లు 300 మీదికి వచ్చేదాకా నొక్కండి. ఆర్‌డీ నడిపేవాళ్లు చెప్పే 6 పీఎస్‌ఐ లెక్కకు ఇది చాలా దగ్గర. ఆరు నిమిషాలపాటు ముల్లు నిలిచి ఉంటే ఇంజను గట్టిగా ఉంది. పడిపోతుంటే సబ్బు నీళ్లు రాయండి: సిలిండర్ కింద ప్యాకింగ్, రీడ్ బ్లాక్ అంచులు, కేసు కలిసే గీత, ఎడమ వైపు మాగ్నెట్ కవర్ తీసి క్రాంకు చివర. బుడగ ఎక్కడ లేస్తే జబ్బు అక్కడ. ముందుగా మీరు పెట్టిన బిరడాల దగ్గర కారడం లేదని చూసుకోండి. కంప్రెసర్‌తో గాలి ఎప్పుడూ కొట్టకండి, మంచి సీళ్లు కూడా ఎగిరిపోతాయి.

6. క్రాంకు సీళ్లు పోతే బండే చెబుతుంది. కుడివైపు క్లచ్ ఉంటుంది. అటు సీలు పోతే ఇంజను గేరు ఆయిల్ పీల్చుకుంటుంది. అప్పుడు తెల్లని చిక్కటి పొగ వస్తుంది, కుడి ప్లగ్గు తడుస్తుంది, గేరు ఆయిల్ కారకుండానే తగ్గిపోతుంది. ఎడమవైపు సీలు పోతే గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం వెంటనే దిగదు. మొదటిది జేబుకు చేటు, రెండోది ఇంజనుకే చేటు. యాక్సిలరేటర్ వదిలినా రేసు దిగని ఆర్‌డీని ఆ రోజు నుంచే నడపకండి. సీళ్లు మార్చడం మాత్రం ఈ బండి తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి.

7. ఆయిల్ పంపు పీకేయకండి. ‘అది నమ్మకం లేదు, తీసేసి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసుకోండి’ అని మన షెడ్లలో చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. యమహా ఆటోల్యూబ్ పంపు ఇంజను వేగాన్నిబట్టీ, యాక్సిలరేటర్ ఎంత తిప్పారన్నదాన్నిబట్టీ ఆయిల్ ఇస్తుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ మూసి గేరులో వస్తున్నప్పుడు ఇంజను జోరుగా తిరుగుతూనే ఉంటుంది, లోపలికి పెట్రోలు మాత్రం దాదాపు వెళ్లదు. పెట్రోల్లో కలిపిన ఆయిలైతే పెట్రోలుతోపాటే ఆగిపోతుంది. పంపు అప్పుడు కూడా చుక్కచుక్కగా ఇస్తూనే ఉంటుంది.

పంపు చక్రం మీద గీత, పక్కనున్న పిన్ను కలవాలి. యాక్సిలరేటర్ ఎంత తిప్పినప్పుడు కలవాలో మాన్యువల్లో చూసి కేబుల్ సరిచేయండి. ఆయిల్ ట్యాంకు ఒకసారి పూర్తిగా ఖాళీ అయితే పైపులో గాలి చేరుతుంది. మళ్లీ ఆయిల్ పోసినంత మాత్రాన సరిపోదు, పంపు మీది చిన్న స్క్రూ విప్పి బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వాలి. ఆ పని చేశాక మొదటి ట్యాంకు పెట్రోల్లో లీటరుకు 30 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కూడా కలపండి. పొగ కాస్త ఎక్కువొస్తుంది, రానివ్వండి. మీ బండికి పంపు ముందే తీసేసి ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, ప్రతిసారీ కొలిచి పోయండి.

8. పాయింట్లు, టైమింగ్ ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు సిలిండర్లకూ రెండు జతల పాయింట్లుంటాయి. ముందు సందు సరిచేయాలి, తర్వాతే టైమింగ్. సందు మారితే టైమింగ్ మారిపోతుంది. ఫీలర్ గేజ్‌తో 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య పెట్టండి. పాయింట్ల మీద గరుకు తీశాక, దళసరి తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగండి. నూనె మరక, ఇనుప పొడి వచ్చేస్తాయి.

టైమింగ్‌కి ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ బిగించండి. యమహా మాన్యువల్ ప్రకారం, పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 2 మిల్లీమీటర్ల ముందు పాయింటు విడిపోవాలి. మీ మోడల్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. పాయింటు ఏ క్షణాన విడిపోతోందో కంటితో పట్టుకోలేం. ఒక 12 వోల్టుల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి పాయింటు వైరుకూ ఒకటి ఇంజను బాడీకీ తగిలించి, కీ ఆన్ చేయండి. పాయింటు మూసి ఉంటే బల్బు ఆరి ఉంటుంది, విడిపోగానే వెలుగుతుంది. వెలిగిన క్షణంలో గేజ్ ఎంత చూపిస్తోందో చదవండి. రెండు వైపులా అదే అంకె రావాలి.

9. రెండు కార్బొరేటర్లూ ఒక్కటిగా తెరుచుకోవాలి. గాలి వచ్చే రబ్బరు గొట్టాలు తీసి, ఒక్కో కార్బొరేటర్లోకి ఒక్కో చూపుడు వేలు పెట్టి స్లైడుల కింద ఆనించండి. మరొకరిని యాక్సిలరేటర్ చాలా నెమ్మదిగా తిప్పమనండి. రెండు వేళ్లకూ ఒకే క్షణంలో కదలిక తెలియాలి. తేడా ఉంటే పైన కేబుల్ సర్దుబాటు మరతో సరిచేయండి. చిన్న తేడా కూడా వేలికి స్పష్టంగా తెలుస్తుంది. జెట్ల రంధ్రాల్లో ఇనుప తీగ పెట్టకండి, రంధ్రం పెద్దదైపోతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం చాలు.

10. ట్యాంకులో తుప్పు వదలడానికి నిమ్మ ఉప్పు వాడండి. పెట్రోలంతా తీసి, ట్యాంకు బాగా ఆరబెట్టి, లీటరు వేడినీళ్లకు 100 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నిండుగా పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున పారబోసి, వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. వెంటనే కాస్త టూటీ ఆయిల్ పోసి లోపలంతా తడిసేలా తిప్పండి. అలా చేయకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది.

11. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఈ20 పెట్రోలు, అంటే నూటికి 20 వంతులు ఇథనాల్. ఈ బండి తయారైనప్పుడు అలాంటి పెట్రోలు ఎవరి లెక్కలోనూ లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. పెట్రోలు పైపులు, ఫ్లోట్ గిన్నె ప్యాకింగ్‌లు ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చండి. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టుతో మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబడుతున్నట్టు కనిపిస్తే ఒక సైజు పెద్ద మెయిన్ జెట్ వేయండి. రెండు వారాలకు మించి బండి తీయనప్పుడు కార్బొరేటర్ గిన్నెలు ఖాళీచేసి ఉంచండి.

12. రీడ్ వాల్వులు తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూడండి. రేకు ఆనాల్సిన చోట వెలుతురు ఎక్కువగా కనిపించినా, మూల విరిగినా మార్చేయండి. పాత స్టీలు రేకు ముక్క విరిగి లోపలికి పోతే పిస్టన్, బోరు రెండూ గీసుకుపోతాయి. ఫైబర్ రేకులకు మారడం ఈ బండికి చేయదగ్గ మంచి మార్పుల్లో ఒకటి.

13. మసి తీయడానికి స్క్రూడ్రైవర్ వాడకండి. హెడ్, పిస్టన్ తల, సైలెన్సర్ వైపు రంధ్రం, అన్నీ అల్యూమినియం దగ్గర పని. చెక్క పుల్లతోనో అరగదీసిన వెదురు బద్దతోనో గీకండి. సైలెన్సర్ల చివర బోల్టు విప్పితే లోపలి బఫిల్ గొట్టం బయటికొస్తుంది. అది ఇనుము కాబట్టి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టొచ్చు. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ నీళ్లు అల్యూమినియం భాగాల దరిదాపులకు రానివ్వకండి, తినేస్తాయి. బఫిల్స్ తీసేసి నడపడం మోతే తప్ప బలం కాదు.

14. గేర్ బాక్సు ఆయిల్లోనే క్లచ్ ప్లేట్లు మునిగి ఉంటాయి. కార్లకు వాడే, రాపిడి తగ్గించే ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. జేఏఎస్‌ఓ ఎంఏ అని డబ్బా మీద ఉన్న బైకు ఆయిల్ కొనండి. సుమారు లీటరున్నర పడుతుంది.

15. ఇంజను స్క్రూల తలలు తేలిగ్గా అరిగిపోతాయి. అవి జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. మన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్, జేఐఎస్ బిట్టు ఒకసారి కొనుక్కుంటే బండి ఉన్నన్నాళ్లూ పనికొస్తాయి. ఒకసారి విప్పిన చోట ఎలెన్ బోల్టులు వేసేయండి. చూడ్డానికి కాస్త తేడాగా ఉన్నా ఫర్వాలేదు.

16. బ్యాటరీ చచ్చిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా బండి అంటుకోదు. పాయింట్లకు కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. నెలకోసారి మీటరుతో చూడండి, 12.4 వోల్టుల కింద ఉంటే చార్జింగ్ పెట్టండి. పాత మెకానికల్ రెగ్యులేటర్ బదులు ఎలక్ట్రానిక్‌ది వేసుకోండి. దారిలో ఫ్యూజు లేకుండా అతుకులు వేసిన పాత వైరింగ్ ఉంటే మొత్తం పీకి కొత్తది వేయించండి, పెట్రోలు ట్యాంకు సరిగ్గా దాని పైనే ఉంది.

17. ఇప్పుడు పవర్ సంగతి. పైవన్నీ సరిగా ఉంటే, ఎక్స్‌పాన్షన్ చాంబర్లు ఆర్‌డీని నిజంగా మారుస్తాయి. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఆకారం ఇంజనులో భాగమే. చాంబర్ లోపల వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి తరంగం, బయటికి జారిపోబోయే పెట్రోలును మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. కానీ ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంటే పెట్రోలు కూడా అంతే ఎక్కువ అందాలి. మెయిన్ జెట్ మార్చకుండా చాంబర్లు, లేదా మూత లేని గాలి ఫిల్టర్లు వేస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఎప్పుడూ పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్గు చూసుకుంటూ ఒక్కో సైజు దిగండి. ఒకసారి ఒక మార్పే చేయండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో తేలదు.

18. బోరు వేయించేటప్పుడు రెండు సిలిండర్లూ కలిపే చేయించండి. పిస్టన్లు 0.25, 0.50 ఇలా పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద సైజుల్లో వస్తాయి. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ వాళ్ల చేతిలో పెట్టి, దానికి కొలిచి బోరు వేయమనండి. విజయవాడ ఆటోనగర్లో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల ఇలాంటి పని చేయగలవాళ్లు ఉన్నారు. తొందరపెట్టకండి. పిస్టన్ పిన్ను క్లిప్పులు పాతవి మళ్లీ వాడొద్దు. క్లిప్పు వేసేటప్పుడు క్రాంక్ కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. క్లిప్పు అందులో పడితే ఇంజను మొత్తం విప్పాల్సిందే.

19. చట్టం తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద తొక్కించడం హైదరాబాద్‌లో, విశాఖలో చూస్తూనే ఉన్నాం. చాంబర్లు అనుమతి ఉన్న ట్రాకుల మీదికే పరిమితం చేయండి. కంపెనీ సైలెన్సర్లను నూనె రాసి, గుడ్డ చుట్టి దాచండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, ఆ తనిఖీకి అవే కావాలి. వాటి జత దొరకడం ఇప్పుడు చాలా కష్టం కూడా.

20. నడిపేటప్పుడు ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ లివర్ మీద ఉంచండి. పిస్టన్ పట్టేసే ముందు శబ్దం బిగుసుకుపోయినట్టు మారుతుంది, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బండి లాగదు. ఆ క్షణంలో క్లచ్ పట్టేస్తే చక్రం ఆగిపోకుండా పక్కకు చేరతారు. పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చాక కిక్కు చేత్తో తిప్పి చూడండి. తిరిగినా సరే, కారణం తెలిసేదాకా నడపొద్దు.

21. దూరం వెళ్లేటప్పుడు సీటు కింద ఇవి ఉండాలి: రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్, క్లచ్ కేబుల్, చైను లాకు, రెండు ఫ్యూజులు, అర లీటరు టూటీ ఆయిల్. అర లీటరు ఎందుకంటే, హైవే మీద చాలా బంకుల్లో ఇప్పుడు టూటీ ఆయిల్ పెట్టడం మానేశారు.